తొట్టెల లోపలి బొమ్మలు

మొన్న నల్గొండ బజార్లో రేకు సందూక కొనడానికి వెళ్లాను. కొలువు దొరికి కిరాయి గదిలో దిగాక బట్టలకు ఒక పెట్టె కావలసి వచ్చింది. దుకాణం అరుగు మీద ఒక మనిషి కూర్చుని కొత్త సందూకల మూతల మీద బొమ్మలు వేస్తున్నాడు. నక్షాలు గీసే చదువు చదివినవాణ్ని. గీత కనబడితే నిలబడి లెక్కపెట్టడం నాకు అలవాటు. గులాబీకి నాలుగు కుంచె దెబ్బలు, ఆకులకు రెండు, కాడకు ఒకటి. మొత్తం ఏడు. తర్వాత చిలుక. పచ్చరంగు ముట్టకముందే, ఉత్త రేకు మీద, ముందుగా ఒక నల్లచుక్క పెట్టాడు. ఆ చుక్క చుట్టూ తలకాయ గీశాడు.

"కన్ను ముందే పెడతవా?" అన్నాను.

"కన్ను పెట్టుకుంటే తలకాయ యాడ రావాల్నో తెలుస్తది సార్. ముందైతేంది, ఎనకైతేంది?" అంటూ ఆ పెట్టెను పక్కకు నెట్టి ఇంకోటి ముందుకు లాక్కున్నాడు.

అతని పద్ధతి సరైనదే. పనివాడికి ఒక కొలబద్ద ఉండాలి, అతనికి కన్నే కొలబద్ద. అయినా సందూక భుజాన పెట్టుకుని గదికి వస్తుంటే దారి పొడుగునా ఆ చుక్కే కళ్లలో మెదిలింది. మా ఇంట్లో బొమ్మలు పదకొండు రోజులు కండ్లు లేకుండా ఉన్నాయి. అప్పుడు నాకు తొమ్మిదేండ్లు.

మాది మర్రిగూడ దిక్కు మెట్ట ఊరు. ఆముదాలు, కందులు, జొన్నలు పండేవి. నీళ్లు మాత్రం చెడ్డవి. ఊరి బావి నీళ్లు తాగిన పిల్లల పండ్లు పసుపుపచ్చగా, చారలు చారలుగా వచ్చేవి. నడివయసు దాటితే నడుములు వంగేవి. మా అవ్వ నిలబడితే ఆమె చూపు నేల మీదే ఉండేది. ఎవరి ముఖమైనా చూడాలంటే మెడ పక్కకు తిప్పి, కోడిపెట్ట చూసినట్టు ఒక కంటితో చూసేది. అమ్మ నన్ను కన్న ఏడాదికే పోయింది. అందుకని ఇంటి పెత్తనం అంతా అవ్వదే. బాపు పొలానికి పెద్ద, ఇంట్లో అవ్వ మాటకు చిన్న.

ఆ యేడు అక్క కానుపుకు ఇంటికి వచ్చింది. అది మూడో కానుపు. అంతకు ముందు ఇద్దరు బిడ్డలూ తొట్టెల దాకా రాలేదు. మా దిక్కు ఊయలను తొట్టెల అంటారు, ఇరవై ఒకటో దినం బిడ్డను అందులో వేస్తారు. పుట్టకముందే తొట్టెల సిద్ధం చేయడం ఎవరూ చేయరు, మంచిది కాదంటారు. ఆ రెండు సార్లూ మా వాళ్లు కూడా ఆ పద్ధతే పట్టుకుని ఆగారు.

ఈసారి అక్క వచ్చిన వారానికే అవ్వ వడ్లాయనను పిలిచి, అటక మీద దాచిన టేకు పలకలు దించి, తొట్టెల చేయించింది. తల దిక్కు ఒక పలక, కాళ్ల దిక్కు ఒకటి, పక్కలకు రెండు. కాళ్ల దిక్కుది అన్నిటికంటే ఎత్తు. పొరుగింటామె గోడ మీంచి తొంగిచూసి ఊరుకోలేదు.

"బిడ్డ పుట్టకముందే తొట్టెలేందమ్మా? దేవునికే తొందర చెప్తున్నరా?"

అవ్వ మెడ తిప్పి ఒక కంటితో చూసింది. "రెండు సార్లు ఆగి చూసినం. ఆగినందుకు ఆయన ఏమిచ్చిండు? ఈసారి తొట్టెలనే ముందుగాల పోయి పిలుస్తది."

ఆ తొట్టెలకు బొమ్మలు వేయడానికి వచ్చినాయన నకాశీ పనిచేసే ముసలాయన. రెండు దినాల బండి ప్రయాణం చేసి వచ్చాడు. కథలు చెప్పేవాళ్లకు గుడ్డల మీద బొమ్మలు వేసిచ్చే ఇల్లు వాళ్లది. నేను తాతా అనేవాణ్ని. ఆయన మూట విప్పుతుంటే ఎదురుగా కూర్చుని చూశాను. ఆ మూటలో ఏమున్నాయో ఇప్పటికీ వరుసగా చెప్పగలను. ఎర్రరంగుకు ఇంగిలీకం రాయి. పసుపుకు హరిదళం. నీలిమందు గడ్డ. తెల్లరంగుకు గవ్వలు. చెట్టు బంక ఒక చిన్న సంచిలో. కొబ్బరి చిప్పలు ఏడు, రంగు ఒక్కొక్కదానికి ఒక్కొక్కటి. ఉడుత తోక వెంట్రుకలతో కట్టిన కుంచెలు ఐదు, అన్నిటికంటే సన్నదానిలో మూడో నాలుగో వెంట్రుకలు. నల్లరంగు మాత్రం మూటలో లేదు.

"నలుపు మీ ఇంట్లనే దొరుకుతది," అన్నాడు తాత, గూట్లో ఆముదం దీపం వంక చూస్తూ. ఆ దీపం మీద ఒక మూకుడు బోర్లించి మసి పట్టాడు.

పని మొదలుపెట్టే ముందు ఒక ప్రశ్న అడిగాడు. "అమ్మా, బొమ్మలు లోపటికా, బయటికా? అందరూ బయటికే ఏపిస్తరు."

"బయట ఏసుకుంటే ఎవలు చూస్తరు?"

"వచ్చినోళ్లు, పోయినోళ్లు."

"వాళ్లు తొట్టెల పండుకుంటరా? పండుకునేటోడు చూడాలె. లోపటికే ఎయ్యి."

తాత నవ్వి, అవ్వకు దండం పెట్టాడు. "అరవై ఏండ్ల పనిల గీ మాట ఎవలూ అనలేదు తల్లీ."

ముందు పలకల లోపలి ముఖానికి బాపు పాత ధోవతి గుడ్డ అతికించాడు. తర్వాత చింతగింజలు నానబెట్టి, పొట్టు తీసి, నూరి, అంబలిలాగా ఉడికించాడు. ఆ వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది. సగం జొన్న గటక వాసన, సగం తడిసిన కట్టె వాసన. నూరకముందే చింతగింజలు పిడికెడు దొంగిలించి పొయ్యిలో కాల్చుకుని చెంపలో పెట్టుకునేవాణ్ని. ఆ అంబలిలో సుద్ద కలిపి పలకలకు తెల్లపూత వేశాడు. ఒక పూత ఆరాక ఇంకోటి. నాలుగు పూతలు. ఒక్కొక్క పూతా ఆరాక గులకరాయితో రుద్దితే పలక గుడ్డు పెంకులా నునుపుదేలింది.

ఈ పనికంతా తియ్యనీళ్లు కావాలని వచ్చిననాడే చెప్పాడు. రెండు కోసుల అవతల ఒక బావి ఉండేది, అది తియ్యనిది. బాపు రోజూ పొద్దున బండి కట్టుకుని పోయి రెండు కాగుల నీళ్లు తెచ్చేవాడు.

అయిదోనాడు పొద్దున తాత పలకల మీద కప్పిన గుడ్డ తీసి చూసి, అట్లాగే కూర్చుండిపోయాడు. తెల్లపూత మీద ఇంకో తెలుపు పూసింది, చలికాలం గడ్డి మీద మంచులాగా. వేలితో రాస్తే పొడి రాలింది. మూలల్లో పూత పెళ్లలు పెళ్లలుగా లేచింది. తాత ఆ పొడిని నాలుకకు అంటించుకుని చూశాడు. లేచిపోయి, తన పనికి పెట్టిన కాగులోంచి దోసెడు నీళ్లు తీసుకుని నోట్లో పోసుకుని ఉమ్మాడు.

"ఇవి ఊరి బావి నీళ్లు," అన్నాడు.

బాపు ముఖం ఎర్రబడింది. "నేను తెచ్చింది తియ్యనీళ్లే! నా ఎడ్ల మీద ఒట్టు."

గడప మీద కూర్చుని కందిపప్పు చెరుగుతున్న అవ్వ చాట కింద పెట్టింది. "వాని తప్పేం లేదు. తియ్యనీళ్లు నేనే మార్చిన. అవి పిల్లకు తాగిపిస్తున్న. నా నడుము చూసినవ్ గదా అయ్యా, గీ నీళ్లు తాగే గిట్లయిన. కడుపుల ఉన్నదానికి గీ నీళ్లు ఎట్ల పోస్త? బొమ్మలకు ఏం నొస్తదిలే అనుకున్న."

అక్క లోపలి అర్రలోంచి వచ్చి దర్వాజ పట్టుకుని నిలబడింది. తను తాగుతున్న నీళ్లు ఎక్కడివో తనకూ తెలియదు. అయిదు రోజుల పని పోయింది. ఆమెకు నెలలు నిండుతున్నాయి.

తాత చేతికంటిన పొడిని దులుపుకున్నాడు. "కట్టె బొమ్మలకే గింత నొచ్చినంక మనుషులకు నొయ్యదా అమ్మా? మంచి పనే చేసినవ్. ముందుగాల బిడ్డకు పొయ్యి. మిగిలినయి నాకియ్యి." తర్వాత బాపు దిక్కు తిరిగాడు. "పటేలా, రేపటి సంది రెండు గాదు, నాలుగు కాగులు తే. ముసలోడు ఒకడు, పుట్టనోడు ఒకడు, ఇద్దరం నీ మీదనే ఉన్నం."

బాపు రోజుకు రెండు సార్లు బండి కట్టాడు. తాత పూత మొత్తం గీకి పారేసి మళ్లీ మొదటినుంచి చేశాడు. అవ్వ చేసిన తప్పుకు బదులుగా ఆయనకు రోజూ సర్వపిండి కాల్చిపెట్టింది, నువ్వులు ఎక్కువేసి. తాతకు పండ్లు లేవు. గట్టి అంచులు నాకిచ్చి నడుమ మెత్తటిది తను తినేవాడు. ఆ అంచుల కోసం నేను బడి ఎగ్గొట్టిన రోజులు మూడు.

రంగులు మొదలయ్యాక మా ఇల్లు నేను పుట్టి పెరిగిన ఇల్లులా లేదు. గోడకు ఎర్రమట్టి, నేలకు పేడ అలుకు, సామానంతా మసిబారినదే. వాటి నడుమ ఆ పలకల ఎరుపు. తాత మొదట బొమ్మల వెనక ఉండే జాగానంతా ఇంగిలీకంతో నింపాడు. ఆ ఎరుపు ముందు మా దేవుని గూట్లో కుంకుమ కూడా వెలిసిపోయినట్టు కనబడింది. ఆ ఎరుపులోంచి మనుషులు ఒక్కొక్కరే వచ్చారు. గీత గీసుకోలేదు, కొలత పెట్టలేదు. మోకాలు మీద పలక ఆనించుకుని కుంచెను ఒక్క విసురు విసిరితే భుజం నుంచి వేలికొస దాకా చెయ్యి దిగేది. తల దిక్కు పలక మీద ఇద్దరు గోపికలు. ఎడమ పక్క ఆవు, దూడ, నెమలి. కుడి పక్క వెన్నముంత చుట్టూ ముగ్గురు పిల్లలు. కాళ్ల దిక్కు ఎత్తు పలక మీద యశోద, ఆమె ఒడిలో కృష్ణుడు. మొత్తం పది. గోపికల చీరెలకు మా దిక్కు నేసే గళ్లే వేశాడు. ఆవుకు మా ఎర్రావు కొమ్ములే పెట్టాడు, ఒకటి పైకి, ఒకటి పక్కకు.

పదిమందిలో ఒక్కరికీ కండ్లు లేవు. కనుబొమలు ఉన్నాయి, ముక్కులు ఉన్నాయి, చెవులకు కమ్మలు కూడా ఉన్నాయి. కండ్ల చోట మాత్రం ఉత్త పసుపు. పొద్దున లేచి నేను మొదట అక్కడికే పోయేవాణ్ని. భయం వేసేది కాదు. కండ్లు లేని ఆ ముఖాలు దేనికోసమో చెవులు రిక్కించి వింటున్నట్టు ఉండేవి. వాటి ముందు నేను గట్టిగా మాట్లాడలేకపోయేవాణ్ని.

ఒకనాడు తాత అన్నానికి పోయినప్పుడు ఆగలేక కుడి పక్క పలక అంచున తడి ఎరుపు మీద బొటనవేలు అదిమాను. వేలిగుర్తు లోతుగా పడింది. తాత వచ్చి చూసి కేకేశాడు.

"ఎవల ఏలు గిది? వరుసగ నిలబడుండ్రి!"

ఇంట్లో వరుసగా నిలబడటానికి నేనొక్కణ్నే ఉన్నాను. నా గోట్లో ఎరుపు ఉంది. తాత నా బొటనవేలు పట్టుకుని ఆ గుర్తు పక్కన పెట్టి సరిచూశాడు. కొడతాడనుకున్నాను. తెల్లరంగు ముంచి ఆ గుర్తుకు అటొక రేకు ఇటొక రేకు గీశాడు. తామరమొగ్గ అయింది.

"దొంగ పువ్వు," అన్నాడు. "దీన్ని చూసినప్పుడల్ల నీకు సిగ్గు రావాలె."

సిగ్గు రాలేదు. నా వేలు పువ్వయింది. ఆ పూటంతా ఆ చేతితో అన్నం తినబుద్ధి కాలేదు.

కండ్లు పెట్టే రోజు తొట్టెలను బిగించి, గొలుసులతో దూలానికి, అది శాశ్వతంగా వేలాడే జాగాలోనే వేలాడదీశారు. ఊగకుండా తల దిక్కు గొలుసులు బాపు పట్టుకున్నాడు, కాళ్ల దిక్కువి నేను. నేను ఎత్తు పలక వెనక ఉన్నాను కాబట్టి బొమ్మలు నాకు కనబడవు. ఎదురుగా తల దిక్కున, రెండు మూరల దూరంలో, గోడకు ఆనుకుని అక్క పీట మీద కూర్చుని ఉంది.

తాత స్నానం చేసి, కొబ్బరికాయ కొట్టి, చేతిలో అద్దం పట్టుకుని వచ్చాడు. "బిడ్డా, జర లెవ్వు. గా జాగల అద్దం పెట్టాలె. కండ్లు తెరిచినంక తొలిచూపు అద్దంల పడాలె, మనిషి మీద పడొద్దు."

"నేను లెవ్వను తాతా," అంది అక్క.

అవ్వ అదిరిపడింది. "వద్దు బిడ్డా! దేవుని తొలిచూపు అగ్గిలెక్క ఉంటదంటరు. వట్టి మనిషివి కాదు."

అక్క కదల్లేదు. అక్క పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఇంటికి వచ్చినప్పటి నుంచి ఆమె గొంతు పూర్తిగా విన్నది ఆ రోజే. "రెండు సార్లు ఎవలూ చూడకముందే పోయిన్రు అవ్వా. ఈసారన్న ఒకలు ముందుగాల చూడనియ్యి."

బాపు తల దించుకున్నాడు.

తాత చేతిలోని అద్దాన్ని చూసుకున్నాడు. "మా నాయిన చెప్పిన వరుస ఒకటుంటది. ముందు దేవునికి కండ్లు, ఎనక మనుషులకు, ఆఖరుకు పశువులకు. గా వరుస ఎన్నడూ తప్పలేదు." ఆగి, అక్కను అడిగాడు. "బిడ్డా, నీకు తల్లి ఉన్నదా?"

"లేదు తాతా."

తాత అద్దాన్ని గోడకు తిప్పి పెట్టాడు. కొబ్బరిచిప్పలో ఆముదం మసి కలుపుకుని, అన్నిటికంటే సన్న కుంచె ముంచి, వంగాడు. "అట్లయితే ముందు యశోదమ్మకు పెడత. తల్లి చూపు ఎవలనూ కాల్చదు."

నేను పలక వెనకే ఉన్నాను. కండ్లు పెట్టడం చూడలేదు. నేను చూసింది అక్క ముఖాన్ని. మొదటి కన్ను పెట్టినప్పుడు ఆమె పెదవులు కొద్దిగా విడివడ్డాయి. రెండోది పెట్టినప్పుడు ఆమె కొంగు తల మీదికి లాక్కుంది, పెద్దవాళ్లు ఎవరైనా ఇంట్లోకి వచ్చినప్పుడు లాక్కున్నట్టు. గొలుసు పట్టుకున్న నా చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. నా ముందున్నది వేలెడు మందం టేకు పలక అని నాకు తెలుసు. దానికి అవతలి నుంచి ఎవరో చూస్తున్నారని కూడా అప్పుడే తెలిసింది.

మిగతా తొమ్మిదింటికీ కండ్లు పెట్టేసరికి మధ్యాహ్నమయింది. తాత సాయంత్రం బండికి వెళ్లిపోయాడు. ఎనిమిదో రోజు అక్కకు ఆడపిల్ల పుట్టింది. ఇరవై ఒకటో దినం తొట్టెలలో వేశారు. పిల్ల ఏడవలేదు. లోపలి ఎరుపును చూస్తూ కాళ్లు కొట్టింది. గోడ మీంచి పొరుగింటామె కూడా చూసింది. అవ్వ ఆమెను లోపలికి పిలిచి, ముందు ఆమె చేతనే తొట్టెలను ఊపించింది. ఆ పిల్ల ఇప్పుడు ఏడో తరగతి. ఆ తర్వాత అక్క పిల్లలు ఇంకో ఇద్దరు అందులోనే ఊగారు. అవ్వ పోయింది. తాత ఏమయ్యాడో తెలియదు.

సందూక కొన్న వారం తర్వాత ఆదివారం ఊరికి పోయి, అటక మీంచి తొట్టెలను దించాను. అక్క పిల్లల్ని తీసుకుని వచ్చి ఉంది. పాత కొక్కేలకు పాత గొలుసులతోనే, పాత ఎత్తులోనే వేలాడదీశాను. ఎరుపు అంతా అట్లాగే ఉంది. దొంగ పువ్వు ఉంది. నా బొటనవేలు ఇప్పుడు దాని మీద పట్టదు.

చదువుకున్నాక వచ్చిన ఒక అనుమానం తీర్చుకోవాలని నూలుదారం తెచ్చుకున్నాను. బొమ్మ కంట్లో నల్లగుడ్డు ఎటు జరిపి ఉందో అటు దారం లాగి, అది ఎక్కడికి చేరుతుందో కాగితం మీద రాసుకున్నాను. ఇది పక్కా లెక్క కాదు, వేలెడు అటూ ఇటూ ఉంటుంది. గోపికలు ఇద్దరు, కిందికి. పిల్లలు ముగ్గురు, లోపలికి. ఆవు, దూడ, నెమలి, ఒడిలో కృష్ణుడు. తొమ్మిది దారాలూ వచ్చి ఒక్క చోటే కలిశాయి. తల దిక్కు పలకకు జానెడు ఇవతల, బిడ్డ ముఖం ఉండే చోట. కొలబద్ద పట్టని ఆ ముసలాయన, పుట్టని బిడ్డ ముఖాన్ని ఖాళీ తొట్టెలలో ఎక్కడ చూశాడో నాకు ఈనాటికీ అంతుబట్టదు. నాలుగేండ్లు గీతల చదువు చదివిన నేను దారాల ముడి ముందు నోరు తెరుచుకుని నిలబడ్డాను.

పదోది యశోద. ఆమె దారం ఆ ముడికి రాలేదు. తల దిక్కు పలక మీంచి దాటి బయటికి పోయింది. రెండు సార్లు సరిచూసి, కాగితం మీద ఆమె పేరు ఎదురుగా 'తప్పు' అని రాశాను.

"అంత మంచిగ చేసి ఒక్కటి తప్పిండే అక్కా. యశోద బిడ్డను చూస్తలేదు," అన్నాను.

అక్క బియ్యం చాట కింద పెట్టి వచ్చింది. మూలనున్న పీట జరిపి, తల దిక్కున, గోడకు ఆనుకుని కూర్చుంది.

"ఇప్పుడు పట్టు," అంది.

దారం కొస ఆమె దాకా లాగాను. అది ఆమె పాపిట మీంచి పోతోంది. రెండు వేళ్లు ఎక్కువ. అక్క మెట్టినిల్లు కూడా మా ఊరిలాగే చెడ్డ నీళ్ల ఊరు.

"జరంత మీదికి పోతుంది," అన్నాను.

"గప్పుడు నా నడుము సక్కగుండె," అని అక్క రెండు చేతులూ పీట మీద ఆనించి, ఊపిరి బిగబట్టి, వీపును గోడకు ఆనించి కూర్చున్నచోటే నిటారుగా అయింది. దారం ఆమె కనుబొమల నడుమకు వచ్చి ఆగింది.

అట్లా కూర్చోవడం ఆమెకు నొస్తుందని తెలుసు. దారం వదలబోయాను.

"జరసేపు ఉంచు తమ్మీ," అంది అక్క, ఎదురుగా ఆ పలక వంకే చూస్తూ. "తియ్యకు."